దుర్భిణి మూత

నా చిన్నప్పుడు ఒక చలికాలం చివరి నుంచి ఆ తరువాతి ఎండాకాలం నడిమి దాకా, పొద్దు గూట్లో పడితే చాలు, నాకు కళ్ళు కనిపించేవి కావు. పగలంతా బాగానే ఉండేది. సూదిలో దారం ఎక్కించమంటే ఒక్కసారికే ఎక్కించేదాన్ని. పొద్దు కుంకిందంటే మాత్రం గోడ చీకట్లో, మనిషి గోడలో కలిసిపోయేది. ఆ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. అది నాకు ఇప్పటికీ సులువు కాదు. అయినా ఈ వయసులో దాచుకొని ఏం చేసుకుంటాను, చెబుతాను.

మాది వనపర్తి నుంచి శ్రీరంగాపూర్ పోయే బాటకు కోసెడు దూరంలో ఒక ఊరు. సంస్థానం రోజులు. ఎర్రనేల, ఎటు చూసినా రాళ్ళగుట్టలు, వాన పడితే జొన్న, ఆముదం, పడకపోతే ఏమీ లేదు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు నడుస్తుండగా వరుసగా రెండేళ్ళు వానలు మొఖం చాటేశాయి. ఉన్న ఒక్క బర్రెనూ అమ్మేశారు. మా నాయన బండి కట్టుకొని రాయచూరు దిక్కు కూలికి పోయాడు. ఇంట్లో అమ్మ, నేను, నాలుగేళ్ళ తమ్ముడు మిగిలాము. జొన్న గటక, పచ్చిపులుసు, మళ్ళీ జొన్న గటక. పాలు, పెరుగు సరే, ఆకుకూర అన్నది కూడా మా కంచంలో పడి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.

కార్తీకంలో తమ్ముడికి తట్టు పోసింది. వారం రోజులు ఒళ్ళు కాలిపోయింది. చివరి రాత్రి అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. నేను పక్కన గోడకు ఆనుకొని ఉన్నాను. గూట్లో ఆముదం దీపం వెలుగుతోంది. అమ్మ అప్పుడే వత్తి పైకి ఎగదోసింది కూడా. తమ్ముడు కళ్ళు తెరిచి, "అమ్మా, దీపం ఎందుకు ఆర్పినవే?" అన్నాడు.

అమ్మ దీపం తీసుకొచ్చి వాడి మొఖానికి దగ్గరగా పెట్టింది. వాడు మళ్ళీ అదే మాట అడిగాడు. ఆర్పలేదు బిడ్డా, ఆర్పలేదు అంటూనే ఉంది అమ్మ. వాడు ఊరుకోలేదు. మరునాడు తెల్లవారకముందే పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. వాడిని తీసుకుపోతున్నప్పుడు వాకిట్లో నిలబడి ఒక చీమల బారును చూస్తున్నట్టు గుర్తు. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి, ఈ పిల్ల గుండె రాయి అని నా ఎదుటే అన్నారు. వాళ్ళు అన్నది తప్పనిపించలేదు. లోపల నిజంగానే ఏదో రాయిలా ఉండేది. ఆకలి వేసేది కాదు, కోపం వచ్చేది కాదు, ఆడుకుందాం రమ్మంటే పోయేదాన్ని, పొమ్మంటే వచ్చేదాన్ని. అమ్మ కూడా అంతే. మాట్లాడడం దాదాపు మానేసింది. అన్నిటికన్నా నాకు బాగా తెలిసిన మార్పు ఒకటుంది. అమ్మ దీపం పెట్టడం ఆలస్యం చేసేది. ఊరంతా దీపాలు పెట్టుకున్నాక, పొయ్యిలో నిప్పు వెలుతురుకే గటక గెలికి, ఇక తప్పదన్నప్పుడు వత్తి వెలిగించేది. కొన్ని రోజులు అదీ లేదు. అందుకే నా కళ్ళ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చీకటింట్లో తడుముకుంటూ నడిచే పిల్లను ఎవరు అనుమానిస్తారు?

మాఘమాసంలో ఒక సాయంత్రం చేని నుంచి పుల్లలమోపుతో వస్తుంటే, నడుస్తున్న బాట కళ్ళముందే మాయమైంది. కళ్ళల్లో బూడిద పోసినట్టయింది. అక్కడే కూర్చుండిపోయాను. వెనక వచ్చేవాళ్ళ మాటలు పట్టుకొని ఎట్లానో ఇల్లు చేరాను. మరునాడు పగలు అంతా మామూలే. సాయంత్రానికి మళ్ళీ అదే. గడపకు కాలు తగిలి పడ్డాను, నీళ్ళ కుండ పగలగొట్టాను. "కండ్లు నెత్తికెక్కినయా?" అని అమ్మ కసిరింది. ఎన్నో రోజుల తరువాత అమ్మ నాతో అన్న పూర్తి మాట అదే.

నాకు అప్పుడు అర్థమైందనుకున్నది ఇదీ. తమ్ముడికి దీపం కనపడకుండా పోయింది, తరువాత వాడు పోయాడు. ఇప్పుడు నాకు సాయంత్రాలు కనపడకుండా పోతున్నాయి. కాబట్టి నేనూ పోతాను. భయం వేసిందా అని మీరు అడిగితే, లేదనే చెప్పాలి. అది నా ధైర్యం కాదు. భయపడడానికి కూడా లోపల కొంత చోటు కావాలి, నాకు అది లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా అనుకున్నాను. అమ్మకు తెలియకూడదు. ఇంకో బిడ్డ దీపం ఎందుకు ఆర్పినవని అడిగితే అమ్మ ఏమవుతుందో నాకు ఆ వయసులోనే తెలుసు.

మా వాకిలికి అవతలి పక్క మా చిన్నతాత ఒక్కడే ఉండేవాడు. మా తాతకు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు భూములు కొలిచే దొరల వెంట ఇనుప గొలుసు మోసుకుంటూ గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా గుట్టగుట్టా తిరిగినవాడు. ఆ కొలువులో ఆయనకు మిగిలింది వంగిన నడుము, ఒక ఇత్తడి దుర్భిణి. ఒక దొర పోతూ పోతూ ఇచ్చిపోయాడట. మూడు మడతల గొట్టం, లాగితే మూరెడు పైన వచ్చేది. ముందు గాజు అంచున చిన్న పెచ్చు లేచిపోయింది. దాని మీదికి రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్ద ఇత్తడి మూత ఉండేది. ఊళ్ళో వాళ్ళు దానితో గుప్తధనం కనపడుతుందని అనుకునేవారు. తాత కాదనేవాడు కాదు. కనపడుతుంది, కానీ ఎవరి ధనం ఎక్కడుందో బయటికి చెప్పనని ప్రమాణం చేశానని వాళ్ళను ఏడిపించేవాడు.

ఉగాది పోయి, పున్నమ దాటి, చీకటి పక్షం రాగానే ఏటా ఆయన మిద్దె ఎక్కేవాడు. పొలం పనులు లేని రోజులు. చైత్రంలో ఆకాశం ఉతికి ఆరేసినట్టు ఉంటుంది, వైశాఖంలో దుమ్ము లేస్తుంది, అందుకే ఈ పదిహేను రోజులే చూపుకు పండగ అనేవాడు. ఆ ఏడు నన్ను కూడా పంపమని అమ్మను అడిగాడు. పిల్ల ఇంట్లో మూగదానిలా కూర్చుంటోంది, జర గాలి తగలనియ్యి అన్నాడు. అమ్మ తల ఊపింది. నాకు పోవాలనీ లేదు, పోవద్దనీ లేదు.

నాతోపాటు పక్కింటి అక్క వచ్చేది. పద్నాలుగేళ్ళుంటాయి, వైశాఖంలో పెళ్ళి. ఆమె రావడానికి వేరే కారణం ఉంది. పెళ్ళిలో అయ్యగారు అరుంధతి నక్షత్రం చూడమంటాడు కదా, పిల్లా పిలగాడూ ఇద్దరూ తలెత్తి, ఏమీ కనపడకపోయినా కనపడిందని తల ఊపుతారు. పట్టపగలైనా ఊపుతారు. తన పెళ్ళిలో అట్లా అబద్ధం ఆడనని, ముందే చూసి ఉంచుకుంటానని అక్క పంతం. తాతకు ఆ పంతం బాగా నచ్చింది. కాపురం మొదలయ్యేదే లేని చుక్కకు తల ఊపడంతో, ఇక మిగిలిన దానికి ఊపకుండా ఉంటారా అని నవ్వేవాడు.

నేను పొద్దు ఉండగానే నిచ్చెన ఎక్కి మిద్దె మీద కూర్చునేదాన్ని. దిగేటప్పుడు అక్క లంగా అంచు పట్టుకొని దిగేదాన్ని. అక్క నన్ను గారాల పిల్ల అనుకుంది.

తాత పద్ధతి తాతది. చేతులు వణుకుతాయి కాబట్టి దుర్భిణి చేత్తో పట్టుకోడు. నులక మంచాన్ని పిట్టగోడకు వాలుగా ఆనించి, నులక సందులో గొట్టం దూర్చి, పాతగుడ్డతో బిగించేవాడు. మేము కింద గొంగడి మీద వెల్లకిలా పడుకొని కన్ను ఆనించాలి. దీపం దగ్గరలో ఉండకూడదు. తాతకు చుట్ట లేనిదే పూట గడవదు, కానీ ఆ రాత్రుళ్ళు చుట్టను వెలిగించకుండా చెవి మీద పెట్టుకునేవాడు. "దీపం సూసిన కండ్లు దీపాన్నే సూస్తయ్. జరసేపు వాటిని చీకటి తాగనియ్యాలె," అనేవాడు. నా కళ్ళు మూడు నెలలుగా చీకటే తాగుతున్నాయని ఆయనకు తెలియదు.

మొదటి రాత్రి పడమర దిక్కున దిగిపోతున్న కృత్తికలతో మొదలుపెట్టాడు. మేం దాన్ని పిల్లలకోడి అంటాం. ఉత్త కంటికి ఆరు చుక్కలు, దుర్భిణిలో లెక్కకు అందవు. ఆలస్యం చేస్తే కోడి గూట్లోకి పోతుందని ముందు దాన్నే చూపించేవాడు. తరువాత మృగశిర, నెత్తి మీద పునర్వసు జంట, దాని పక్కన పుష్యమి. పుష్యమి దగ్గరికి వచ్చేసరికి తాత గొంతు మారిపోయేది. అది ఉత్త కంటికి చుక్క కాదట, మజ్జిగ బొట్టు ఒలికినట్టు మసకగా ఉంటుందట. అక్క ఎంత వెతికినా దొరకలేదు.

"సూటిగ సూడకు," అన్నాడు తాత. "సూటిగ సూస్తే పోతది. జర పక్కకు సూడు, అదే వస్తది."

"మెల్లకన్ను పెట్టమంటవా తాతా, పెండ్లి ముందుగాల?"

"గుడ్డికన్న మెల్ల నయం గాదా? పెట్టు."

అక్క పక్కకు చూసింది కాబోలు, అబ్బ అంది. తరువాత దుర్భిణిలో చూసి, "నల్లగొంగడి మీద నువ్వులు ఒలకబోసినట్టుంది తాతా!" అని అరిచింది. నా వంతు వచ్చింది. గొట్టానికి కన్ను ఆనించాను. లోపల ఏమీ లేదు. అవును, నువ్వులే, అన్నాను.

అట్లా రెండు మూడు రాత్రులు గడిచాయి. అక్క ఏది అంటే నేను అదే అనేదాన్ని. మఘ కొడవలి అంటే కొడవలి. సప్తర్షుల నాలుగు చుక్కలు ముసలవ్వ మంచం కోళ్ళు, తోక మూడు చుక్కలు మంచాన్ని ఎత్తుకుపోతున్న దొంగలు అంటే, దొంగలే. కింది మంచం సందులోంచి పై మంచాన్ని చూస్తున్నామని అక్క పడీ పడీ నవ్వితే నేనూ నవ్వినట్టు చప్పుడు చేశాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, మూడో రాత్రికి నేను గొట్టం దగ్గర కన్ను తెరవడం కూడా మానేశాను. తెరిచినా మూసినా ఒకటే అయినప్పుడు తెరవడం ఎందుకనిపించింది.

ఆ మూడో రాత్రే తాత తూర్పున లేస్తున్న స్వాతికి గురిపెట్టి, అక్కను కాదని నన్ను ముందు చూడమన్నాడు. ఏ రంగు అని అడిగాడు. చుక్కలు ఏ రంగులో ఉంటాయి? తెల్లగా, అన్నాను. తాత ఊఁ అన్నాడు. తరువాత అక్క చూసి, పండిన మామిడిపండు రంగు అంది. స్వాతి పసుపు కలిసిన ఎరుపు, ఆగ్నేయాన ఉన్న చిత్త తెలుపు, రెంటినీ ఒకదాని తరువాత ఒకటి చూస్తే చిన్నపిల్లలు కూడా తేడా చెబుతారని తాత అక్కకు వివరించాడు. నన్ను ఏమీ అనలేదు. దిగేటప్పుడు మాత్రం నిచ్చెన దగ్గర చాలాసేపు నిలబడ్డాడని ఆయన ఊపిరి చప్పుడును బట్టి తెలిసింది.

నాలుగో రాత్రి అరుంధతి వంతు. అక్క పొద్దున్నించీ కాలు నిలవకుండా తిరిగింది. తోకలో నడిమి దొంగ చంకలో చిన్న పిల్ల ఉన్నట్టు, వశిష్ఠుడి పక్కన అరుంధతి ఉంటుందని తాత చెప్పాడు. ఎప్పటిలాగే మంచం వాల్చి, గొట్టం బిగించి, చాలాసేపు సవరించాడు.

"గీ పొద్దు గూడ చిన్నదే ముందుగాల సూస్తది," అన్నాడు.

పడుకొని కన్ను ఆనించాను. ఏం కనపడుతోందని అడిగాడు.

"రెండు చుక్కలు తాతా. ఒకటి పెద్దది. పక్కన చిన్నగ ఇంకోటి."

కింద వీధిలో ఎవరో ఎద్దును అదిలిస్తున్న చప్పుడు వినపడింది. మంచిగ సూసినవా అని మళ్ళీ అడిగాడు. సూసిన, అన్నాను. ఆయన నా రెక్క పట్టుకొని మెల్లగా పక్కకు జరిపాడు. అక్క ఆత్రంగా నా చోట్లో వాలి కన్ను పెట్టింది. పెట్టీ పెట్టగానే నవ్వింది.

"ఏంది తాతా, బాయిల సూసినట్టుంది! మూతనే తియ్యలే నువ్వు."

ఆ మాట విన్నాక, నెలల తరబడి ఏమీ తోచని నాకు మొదటిసారి ఏదో తోచింది. అది సిగ్గు. అక్క ఇప్పుడు తిరిగి నా వైపు చూస్తుంది, మరి నీకు రెండు చుక్కలు ఎట్లా కనపడ్డాయే అని అడుగుతుంది, రేపటికి ఊరంతా తెలుస్తుంది, అమ్మకు తెలుస్తుంది. అక్క ఇంకా అడగకముందే తాత గొంతు వినపడింది.

"పిల్ల సూసినంక నేనే పెట్టిన. దుమ్ము లేస్తలేదా? ముసలోని చెయ్యి, అలవాటు. ఉండు తీస్త."

దుమ్ము లేవడం లేదు. ఆ రాత్రి గాలే లేదు. నేను చూసిన తరువాత ఆయన చెయ్యి దుర్భిణి మీదికి పోలేదు, నా రెక్క మీదే ఉంది. నా అబద్ధాన్ని బయటికి లాగడానికి మూత పెట్టిన మనిషి, అది బయటపడిన క్షణంలో దాని మీద తన అబద్ధం కప్పాడు. అక్క అరుంధతిని చూసింది. చూసి, ఇంకొక్కసారి తాతా అని మళ్ళీ చూసింది. ఆ సంతోషం చాలని తాత ఆమెను ఇంటికి పంపించాడు.

తరువాత నా అరచేతిలో ఏదో పెట్టాడు. గుండ్రంగా, అంచు మెలికతో, కొంచెం వెచ్చగా ఉంది. మూత. నిచ్చెన మీద నాకన్నా ముందు తను దిగుతూ, నా పాదాలను ఒక్కొక్క మెట్టు మీద తన చేత్తో పెట్టాడు. వాకిట్లోకి వచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి, అప్పుడు అడిగాడు.

"ఎన్నొద్దుల సంది?"

చెప్పాను. మాఘం నుంచి అని చెప్పాను. తమ్ముడి దీపం సంగతి చెప్పాను. నేను కూడా పోతాను కదా తాతా, అమ్మకు చెప్పకు, అన్నాను. పక్కూరికి పోతాను అన్నంత మామూలుగా చెప్పానని తాత తరువాత ఎన్నోసార్లు తలచుకొని బాధపడ్డాడు.

"నీ తమ్ముడు తట్టుతోటి పోయిండు బిడ్డా. చూపు పోయినందుకు పోలే," అన్నాడు. "నీకొచ్చింది రేచీకటి. కూర, పాలు కండ్ల చూడని ఇండ్లల్ల వస్తది. గొలుసు మోసే దినాలల్ల నాకొచ్చింది, నాతోటోళ్ళకు వచ్చింది. నేను సచ్చిన్నా? గిట్ల కూసున్న గదా నీ ముందట."

ఆయన కూర్చున్నది నాకు కనపడలేదు. చుట్ట వెలిగించాడు. ఆ నిప్పు మాత్రం కనపడింది.

తెల్లారి తాత నడుచుకుంటూ వనపర్తి అంగడికి పోయాడు. పోను రాను ఎంత దూరమో ఆ వంగిన నడుముకు తెలుసు. మధ్యాహ్నం దాటాక మోదుగాకులో మేక కార్జం, గుడ్డలో అవిసాకు కట్టుకొని వచ్చి మా గడపలో నిలబడ్డాడు. ఏంది మామా గిది అంది అమ్మ. నేను గుంజ పక్కన నిలబడి విన్నాను. తాత నేరుగా చెప్పలేదు. ముందు అంగడిలో ధరల సంగతి చెప్పాడు. తను గొలుసు మోసిన నాటి కరువు సంగతి చెప్పాడు. ఆ కరువులో తనకు వచ్చిన రేచీకటి, కాల్చిన కార్జంతో అది పోయిన వైనం చెప్పాడు. ఆ తరువాత, పిల్లకు కూడా అదే పట్టింది, దవాఖానకు పోయే పని లేదు, వారం దినాలు ఇది పెట్టు, అన్నాడు. అమ్మ ఆకుపొట్లం అందుకుంది. పొయ్యిలో బొగ్గులు ఎగదోసి, ఉప్పు రాసి కార్జం కాల్చింది. నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని నా నోటినే చూసింది. తాత వాకిట్లోనే నిలబడ్డాడు. అమ్మ బయటికి పోయి ఆయనతో ఏదో మాట్లాడింది. నేను ఎందుకు దాచానో అప్పుడే చెప్పి ఉంటాడు.

ఆ సాయంత్రం, ఇంకా పొద్దు పూర్తిగా కుంకకముందే, అమ్మ దీపం పెట్టింది. కార్తీకం తరువాత ఊరందరికన్నా ముందు మా ఇంట్లో దీపం వెలగడం అదే మొదలు. చీకటి పడ్డాక గూట్లోంచి దాన్ని చేతిలోకి తీసుకొని నా ముందు కూర్చుంది.

"దీపం కనపడ్తుందా?"

ఎన్నో రాత్రులు కనపడుతోంది, కనపడుతోంది అని చెప్పిన నోరు. ఈసారి ఉన్నది చెప్పింది.

"దీపం కనపడ్తుందమ్మా. దాని సుట్టు ఏం కనపడ్తలేదు. నీ మొఖం కనపడ్తలేదు."

మంట ఊగింది. ఆ చీకట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. అది నాతో అంటోందో, ఎవరితో అంటోందో.

"వాడు అడిగినప్పుడు దీపం ఎలుగుతనే ఉండె. అమ్మనే ఆర్పిందనుకుంట పోయిండు."

అప్పుడు తెలిసింది నాకు, మా ఇంట్లో దీపం ఎందుకు ఆలస్యమైందో. అయిదు నెలలుగా అమ్మ ఆ వత్తి ముట్టుకున్నప్పుడల్లా ఏం వింటోందో. నేను ఓదార్చే మాటలు ఏమీ ఎరగను. నాకు తెలిసింది ఒక్కటే, అదే అన్నాను.

"నువ్వు ఆర్పలేదమ్మా. ఎలుగుతనే ఉండె. నేను సూసిన."

ఆ మాట నిజం. నేను అక్కడ గోడకు ఆనుకొని ఉన్నాను. అప్పటికి నా కళ్ళు బాగున్నాయి. వత్తి ఎగదోసినప్పుడు అమ్మ వేలికి అంటిన మసి కూడా చూశాను, అదీ చెప్పాను. అమ్మ దీపం కింద పెట్టి నన్ను పట్టుకొని ఏడ్చింది. పక్కింటికి వినపడేటట్టు ఏడ్చింది. నాకు మాత్రం అప్పుడూ ఏడుపు రాలేదు. అమ్మ భుజం ఎగిరిపడుతుంటే దాని మీద గడ్డం ఆనించి, అది ఆగేదాకా ఉన్నాను. తమ్ముడి కోసం నేను ఏడవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి నా ఒళ్ళో నా కొడుకు ఉన్నాడు.

నాలుగైదు రోజులకు సాయంత్రం పూట గోడ అంచు తెలియసాగింది. తరువాత మనుషుల ఆకారాలు. అమావాస్య ముందు రాత్రి తాత నన్ను మిద్దె ఎక్కించి పుష్యమి చూడమన్నాడు. సూటిగా చూశాను, లేదు. జర పక్కకు చూశాను. వచ్చింది. నిజంగానే మజ్జిగ బొట్టు. దుర్భిణిలో నువ్వులు. కానీ అక్క చెప్పినట్టు ఒలకబోసినట్టు లేవు, ఎవరో నిమ్మళంగా ఒక్కొక్కటి ఏరి పెట్టినట్టు ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. ఎన్ని ఉన్నాయని తాత అడిగాడు. లెక్క పెట్టబోయి తప్పిపోయి, తెల్వదు అన్నాను. "గట్ల చెప్పు," అన్నాడు తాత. ఆయన అంత తృప్తిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

వైశాఖంలో అక్క పెళ్ళి పగటిపూటే జరిగింది. అయ్యగారు ఎండలోకి వేలు చూపి అరుంధతి కనపడుతోందా అని అడిగాడు. పెళ్ళికొడుకు తల ఊపాడు. అక్క గట్టిగా, కనపడ్తలేదు, రాత్రికి నేనే చూపిస్త, అంది. మగపెళ్ళివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా చిన్నతాత ఒక్కడే కండువా నోట్లో కుక్కుకొని నవ్వాడు.

తాత పోయాక దుర్భిణి ఎవరి చేతుల్లోకి పోయిందో నాకు తెలియదు. మూత మాత్రం ఆ రాత్రి నా చేతిలో పెట్టింది మళ్ళీ అడగలేదు. దుర్భిణి ముందు గాజుకు గుడ్డముక్క చుట్టుకున్నాడు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పోపుల డబ్బాలో మెంతుల గిన్నె పక్కన. రోజూ కోడలు దాన్ని పక్కకు జరిపి, ఇదెందుకు పారేయరు అత్తమ్మా అంటుంది. కంటి దవాఖానలో గోడ మీద అక్షరాలు చదవమన్నప్పుడు నా ముందు కూర్చున్నవాళ్ళంతా పక్కవాళ్ళను విని అప్పజెబుతారు. నేను మూడో వరుస కాడనే ఆగిపోయి, కనపడ్తలేదు అంటాను. ఆ మాట అనడానికి నాకు సిగ్గు లేదు. నన్ను బతికించిన మాట అది.

తమ్ముడి మొఖం గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే రాదు. ఎంత ప్రయత్నించినా ముక్కు రాదు, కళ్ళు రావు, అంతా మసక. కానీ బియ్యం ఏరుతున్నప్పుడో, సాయంత్రం దీపం దగ్గర వత్తి చేసుకుంటున్నప్పుడో, మనసు వేరే దాని మీద ఉన్నప్పుడు, పక్కన వాడు వచ్చి కూర్చుంటాడు. నాలుగేళ్ళవాడు, పై పెదవి మీద గటక అంటుకొని ఉంటుంది. అప్పుడు నేను వాడి వైపు తిరగను. చేతిలో పని చేసుకుంటూ, జర పక్కకు చూస్తూ ఉంటాను.